పక్కింటి కుక్క నుంచి పెరటి కోళ్లను కాపాడటం: గంప, జాలీ ఆవరణ, ప్రహరీ, సోలార్ కంచె – మీ ఇంటికి ఏది సరిపోతుంది?

పెరట్లోకి కుక్క దూరిందంటే ఒక్క కోడితో ఆగదు. ఆకలితో వచ్చే నక్కో బావురుపిల్లో ఒకదాన్ని నోట కరుచుకుని పోతుంది. ఇంటి కుక్క అలా కాదు. రెక్కలు టపటపలాడుతూ పరిగెత్తే కోడి దానికి ఆట. పట్టుకుని విదిలిస్తుంది, కదలిక ఆగగానే వదిలేసి ఇంకోదాని వెంట పడుతుంది. అందుకే కడుపు నిండా తిన్న పెంపుడు కుక్క కూడా కాసేపట్లో పది కోళ్లను చంపి, ఒక్కటీ తినకుండా వెళ్లిపోతుంది. దాని యజమాని "మా కుక్కకు రోజూ మాంసం పెడతాం, అది కోళ్ల జోలికి రాదు" అని నమ్మకంగా చెప్పినా, మీరు ఆ మాట మీద ఆధారపడకండి.

ఈ వ్యాసం 5 నుంచి 20 దాకా నాటుకోళ్లో, వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి జాతులో పెంచుకునేవారి కోసం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చాలా ఇళ్లకు పెరడు మొత్తానికి కంచె కట్టడం కంటే, అదే డబ్బుతో చిన్నదైనా గట్టి జాలీ ఆవరణ కట్టి, మనిషి ఉన్న వేళల్లోనే కోళ్లను బయటికి వదలడం మేలు. అయితే అందరి ఇల్లూ ఒకలా ఉండదు కాబట్టి ఒక్కో మార్గం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో చూద్దాం.

చంపింది కుక్కేనా? ఎటు నుంచి వచ్చింది?

ఖర్చు పెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. కుక్క పనైతే కళేబరాలు పెరడంతా చెల్లాచెదురుగా పడి ఉంటాయి, ఈకలు నలుమూలలా ఉంటాయి, వీపు మీదా తొడల మీదా కరిచిన గుర్తులుంటాయి. ముంగిస మెడా తలా పట్టుకుంటుంది, చిన్న సందులోంచి దూరుతుంది. బావురుపిల్లి రాత్రిపూట వచ్చి కోడిని ఎత్తుకుపోతుంది, ఈకల బాట మాత్రం మిగులుతుంది. పగలు పిల్లలు ఒక్కొక్కటిగా మాయమైతే గద్దనో కాకినో అనుమానించాలి. గుడ్లు, చిన్న పిల్లలు ఏ చప్పుడూ లేకుండా పోతుంటే పామును కూడా లెక్కలో పెట్టుకోండి. కుక్క కోసం కట్టిన 2 అంగుళాల కన్నాల కంచె ముంగిసను ఆపదు.

తర్వాత దారి. ప్రహరీ ఉన్న ఇళ్లలో ఎక్కువగా గేటు కిందే ఉంటుంది. చిన్న జాతి కుక్క 5, 6 అంగుళాల సందులోంచి పొట్ట నేలకు ఆనించి జారి వచ్చేస్తుంది. కంచె ఉన్నచోట తీగకు అంటుకున్న వెంట్రుకలు, అడుగున గీకిన మట్టి చూడండి. తెలియకపోతే సాయంత్రం అనుమానం ఉన్న ప్రతి సందు దగ్గరా పొయ్యి బూడిదో ముగ్గు పిండో పలచగా చల్లి, పొద్దున అడుగులు చూడండి. ఒక్క గేటు కింద ఇనుప రేకు బిగించడంతో తీరిపోయే సమస్యకు కొందరు పెరడంతా తవ్వి జాలీ పాతుతారు.

యజమానితో మాట్లాడటం

అన్నిటికంటే చవకైన మార్గం ఇదే, కానీ మాట్లాడే తీరు ముఖ్యం. "మీ కుక్కను కట్టేసుకోండి" అంటే అది ఆజ్ఞలా వినిపిస్తుంది, రెండు రోజులు నడిచి ఆగిపోతుంది. వేళ చెప్పి అడగండి: "పిన్నిగారూ, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా కోళ్లను వదులుతాం. ఆ రెండున్నర గంటలు మీవాణ్ణి కట్టేసి ఉంచితే చాలు." దీనికి ఒప్పుకోవడం వాళ్లకు తేలిక, గుర్తుపెట్టుకోవడమూ తేలిక. హద్దు కంచె ఇద్దరి మధ్యదైతే జాలీ మీరు కొనడం, కూలి వాళ్లు ఇవ్వడం లాంటి ఒప్పందం కూడా కుదురుతుంది.

రోజంతా పొట్టి గొలుసుతో కట్టేయమని మాత్రం అడగకండి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం కుక్కను ఎప్పుడూ కట్టే ఉంచి, తిప్పకుండా వదిలేయడం నేరమే. పైగా అలా కట్టి ఉంచిన కుక్క తెంచుకున్న రోజు మరింత ఉద్రేకంగా ఉంటుంది. రెండు గుంజల మధ్య 20, 25 అడుగుల గట్టి తీగ లాగి, గొలుసు రింగు దాని మీద అటూ ఇటూ జారేలా కడితే కుక్కకు నడిచే వీలుంటుంది, హద్దు దాటదు. తీగ రెండు చివర్లలో ముడి వేసి రింగు గుంజ దాకా పోకుండా ఆపాలి, లేకపోతే గొలుసు గుంజకు చుట్టుకుంటుంది.

కుక్కకు కోళ్లను అలవాటు చేయడం కుదురుతుందా? ఆరు నెలల లోపు పిల్లకైతే కుదరవచ్చు. మెడపట్టీ, తాడుతో కోళ్లకు 15, 20 అడుగుల దూరంలో కూర్చోబెట్టి, కోళ్ల వైపు చూడటం మాని యజమాని వైపు తిరిగిన ప్రతిసారీ ఏదైనా తినిపించాలి. రోజుకు పది నిమిషాలు, వారాల తరబడి దూరం తగ్గించుకుంటూ రావాలి. ఇప్పటికే కోళ్లను చంపిన పెద్ద కుక్కకైతే యజమాని పక్కన ఉన్నంతసేపే ఇది పనిచేస్తుంది. చచ్చిన కోడిని కుక్క మెడకు కడితే బుద్ధొస్తుందని పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. అది పనిచేయదు, కుళ్లిన కోడి వల్ల కుక్కకు పుండ్లు పడతాయి. యజమాని ఒప్పుకుంటే వదిలే వేళల్లో మూతికి చిక్కం వేయించండి. కుక్క నోరు తెరిచి ఒగర్చడానికీ నీళ్లు తాగడానికీ వీలుండే బుట్ట రకం చిక్కమే కావాలి. గుడ్డ పట్టీలు వేసవిలో ప్రమాదం. చిక్కం వేసుకున్న కుక్క కరవలేదు గానీ కోడిని కాళ్లతో తొక్కగలదని గుర్తుంచుకోండి.

ఈ మార్గంలో బలహీనత ఒకటే, అది ఇంకొకరి జ్ఞాపకం మీద నడుస్తుంది. పండక్కి చుట్టాలొచ్చి గేటు తెరిచి వదిలేస్తారు. దీపావళి టపాసులకు బెదిరి కుక్క గొలుసు తెంచుకుంటుంది. కాబట్టి మంచి మాటతో మొదలుపెట్టండి, దాన్నే ఏకైక రక్షణగా పెట్టుకోకండి.

గంప

వెదురు గంప కింద కోళ్లను మూయడం మన ఇళ్లలో అనాదిగా ఉన్న పద్ధతి. పిల్లల కోడికి పగటిపూట గద్ద నుంచి, కాకి నుంచి బాగా పనిచేస్తుంది. కుక్క విషయంలో మాత్రం ఆరుబయట గంపను నమ్మొద్దు. కుక్క మూతి అడుగున పెట్టి పైకి లేపుతుంది, లేదా ముందు కాళ్లతో పైకెక్కి పక్కకు దొర్లిస్తుంది. గంప పైన బండరాయి పెడతాం కదా అనుకుంటారు. ఎత్తయిన గంప నడినెత్తిన పెట్టిన రాయి, గంప వాలగానే జారిపోతుంది, ఒక్కోసారి లోపలి పిల్లల మీదే పడుతుంది. గంపనే వాడాల్సి వస్తే అంచు చుట్టూ మూడు చోట్ల అడుగు పొడవు ఇనుప చువ్వ కొక్కేలు నేలలోకి దిగ్గొట్టి అంచును పట్టి ఉంచండి. రాత్రికి గంపను వరండాలోకో తలుపున్న గదిలోకో మార్చండి. అద్దె ఇంట్లో నాలుగైదు కోళ్లున్నవారికి ఇది చాలు.

వేళ చూసి వదలడం

పెద్దగా ఖర్చు లేని మార్గం, అందుకే చాలామంది తేలికగా తీసుకుంటారు. పెట్టలు ఎక్కువగా పొద్దుటి పూటే గుడ్లు పెడతాయి. పది, పదకొండు దాకా లోపలే ఉంచితే గుడ్లు పొదల్లో కాకుండా గూట్లోనే దొరుకుతాయి. సాయంత్రం చీకటి పడటానికి రెండు గంటల ముందు వదిలితే మేత తిని వాటంతట అవే గూటికి చేరతాయి, వెనక తరమాల్సిన పని లేదు. ఆ రెండు గంటలు ఇంట్లో ఎవరో ఒకరు పెరట్లో ఉండాలి. కుక్క దూరితే గట్టిగా అదిలించే మనిషి ఉండటమే ఇందులో రక్షణ.

ఇక్కడ జాతి గురించి ఒక మాట. నాటుకోడి తేలిగ్గా ఉంటుంది, కుక్కను చూడగానే గోడ మీదకో చెట్టు మీదకో ఎగురుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం అభివృద్ధి చేసిన వనరాజా బరువైన పక్షి, అంత ఎత్తు ఎగరలేదు, కాబట్టి కుక్కకు సులువుగా చిక్కుతుంది. అదే సంస్థ గ్రామప్రియ కాస్త తేలిక. పక్కింట్లోకి ఎగిరిపోతున్నాయని కొందరు ఒక రెక్క ఈకలు కత్తిరిస్తారు. పూర్తిగా మూసిన ఆవరణలో ఉండే కోళ్లకు అది సరే. బయట తిరిగే కోడికి కత్తిరిస్తే కుక్క వచ్చినప్పుడు దానికున్న ఒకే ఒక్క దారిని మనమే మూసేసినట్టు. అలాగని వదిలేస్తే అది గోడ దాటి కుక్క సొంత వాకిట్లో దిగుతుంది, అప్పుడు నష్టం గురించి అడిగే హక్కు కూడా పలచబడుతుంది. ఈ చిక్కుకు సరైన జవాబు పైన వల కప్పిన ఆవరణే.

జాలీ ఆవరణ: ఏ జాలీ కొనాలి

హార్డ్‌వేర్ షాపులో "కోళ్ల జాలీ" అని అడిగితే ఆరు మూలల కన్నాలున్న పలచటి తీగ అల్లిక ఇస్తారు. సాధారణంగా 20, 22 గేజ్ ఉంటుంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుంది. ఆ జాలీ కోళ్లను లోపల ఉంచుతుంది, కుక్కను బయట ఉంచలేదు. మధ్య సైజు కుక్క పళ్లతో పట్టి లాగితే ఒక కన్నం తెగుతుంది, ఆ పైన అల్లిక ఊడుకుంటూ పోతుంది. దీన్ని మనిషి నడుము కంటే పై భాగానికే వాడండి.

చైన్‌లింక్ తీగ లావుగా 10, 12 గేజ్ ఉంటుంది, కుక్క తెంచలేదు. కానీ కన్నం 2 అంగుళాలు. కోడి అందులోంచి తల బయట పెడుతుంది, బయట కాపు కాసిన కుక్కకు ఆ తల చాలు. పిల్లలైతే ఏకంగా బయటికే వచ్చేస్తాయి. అల్లిక వల్ల కుక్కకు పాదం మోపడానికి పట్టు కూడా దొరుకుతుంది. ఇప్పటికే చైన్‌లింక్ ఉంటే తీసేయకండి, అడుగు నుంచి 2 అడుగుల ఎత్తు వరకు లోపలి వైపు సన్న కన్నాల జాలీ అతికించండి.

కొత్తగా కొనేవారికి మా సలహా 1 అంగుళం × 1 అంగుళం కన్నాల, 14 గేజ్ జీఐ (జింకు పూత ఇనుము) వెల్డ్‌మెష్, అంటే తీగలు కలిసే ప్రతిచోటా వెల్డింగ్ చేసిన జాలీ. మూతి పట్టదు, పంజా దూరదు, పళ్లకు లొంగదు. ముంగిస, బావురుపిల్లి కూడా తిరిగే చోటైతే రాత్రి గూటికి అర అంగుళం కన్నాల జాలీ వాడండి.

గేజ్ విషయంలో మోసపోవడం సులువు, కంటికి 14, 16 ఒకేలా కనిపిస్తాయి. తూకం వేయించండి. 4 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, అంగుళం కన్నాల రోలు అసలైన 14 గేజ్ అయితే సుమారు 37 కిలోలు తూగుతుంది. 16 గేజ్ అయితే 24 కిలోల దగ్గర ఆగుతుంది. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) ఉన్న షాపైతే తీగ మందం 2 మిల్లీమీటర్లు రావాలి.

10 కోళ్లకు 10 × 10 అడుగుల ఆవరణ

ఒక్కో కోడికి 10 చదరపు అడుగుల లెక్కన ఇది సరిపోతుంది. కావలసినవి: 8 అడుగుల గుంజలు 9 (నాలుగు మూలలకు 4, మూడు వైపుల మధ్యలో 3, తలుపుకు అటూ ఇటూ 2), 4 అడుగుల వెడల్పు వెల్డ్‌మెష్ 50 అడుగుల రోలు ఒకటి, ఇంకో 15 అడుగుల ముక్క, పై భాగానికి 3 అడుగుల వెడల్పు కోళ్ల జాలీ 40 అడుగులు, పైకప్పుకు 12 × 12 అడుగుల నైలాన్ వల, జీఐ బైండింగ్ వైరు 1 కిలో. సెంట్రింగ్ పనికి వాడే నల్ల బైండింగ్ వైరు కొనకండి, వానలకు తుప్పు పట్టి తెగిపోతుంది.

గుంజలకు జీఐ పైపు మన్నుతుంది. సరుగుడు బాదులు చవక, కానీ నేలలో ఉండే భాగాన్ని చెద తినేస్తుంది. పాతే ముందు ఆ భాగానికీ, దాని పైన ఇంకో అర అడుగుకూ తారు పూయండి. 2 అడుగుల లోతు గుంట తీసి పాతాలి. నల్లరేగడి నేల వేసవిలో బీటలు వారి గుంజలు ఊగిపోతాయి, అక్కడ గుంటను మట్టితో కాక కంకర, సిమెంటుతో నింపండి.

జాలీని గుంజలకు బయటి వైపు బిగించాలి. కుక్క బయట నుంచి నెట్టినప్పుడు ఆ ఒత్తిడి గుంజ మీద పడుతుంది. లోపలి వైపు బిగిస్తే అదే నెట్టుడుకు కట్లు ఒక్కొక్కటే ఊడి లోపలికి వంగుతుంది. అడుగున ప్రతి 6 అంగుళాలకు ఒక కట్టు, పైకి పోయేకొద్దీ అడుగుకు ఒకటి చాలు. కింద 4 అడుగులు వెల్డ్‌మెష్, దాని మీద అడుగు మేర కప్పుతూ కోళ్ల జాలీ, మొత్తం 6 అడుగుల ఎత్తు.

ఇక నేల. తవ్వే కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి అక్కడి నుంచి సొరంగం తీయాలన్న ఆలోచన దానికి రాదు. అందుకే లోతుగా కందకం తీసి జాలీ నిలువుగా పాతడం కంటే, 2 అడుగుల వెడల్పు జాలీని బయటి వైపు నేల మీద పరచడం మంచిది. పనీ తక్కువ, తుప్పు పడితే కనిపిస్తుంది కూడా. మిగిలిన వెల్డ్‌మెష్‌ను నిలువునా సగానికి కత్తిరిస్తే 2 అడుగుల పట్టీలు వస్తాయి. పట్టీ లోపలి అంచును నిలువు జాలీకి 6 అంగుళాలకో కట్టు చొప్పున కట్టండి. బయటి అంచును ప్రతి 2 అడుగులకు ఒక చువ్వ కొక్కెంతో నేలకు దిగ్గొట్టండి. మూలల్లో ఖాళీ వదలకుండా 2 × 2 ముక్క వేయండి, చాలామంది మర్చిపోయేది అక్కడే. పైన రెండంగుళాల మట్టి కప్పితే రెండు వానలకు గడ్డి మొలిచి జాలీ నేలతో కలిసిపోతుంది. తీర ప్రాంతపు ఇసుక నేలల్లో పట్టీ వెడల్పు 3 అడుగులు ఉండాలి, ఇసుకలో కుక్క తవ్వే వేగం వేరు.

తలుపు 2.5 × 5 అడుగులు, బయటికి తెరుచుకునేలా. అప్పుడు కుక్క నెట్టినకొద్దీ తలుపు చట్రానికి మరింత బిగుసుకుంటుంది. గడియలు రెండు పెట్టండి, పైన ఒకటి, కింద ఒకటి. పైన మాత్రమే గడియ ఉంటే కుక్క కింది మూలను పట్టి లాగుతుంది, సన్న చట్రం వంగి తల పట్టేంత సందు వస్తుంది, తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే. తలుపు అడుగు సందు అంగుళం దాటకూడదు. తలుపు ముందు జాలీ పట్టీకి బదులు కడప బండో తాండూరు బండో వేస్తే తవ్వే వీలుండదు, వానాకాలం మీ కాళ్లకూ బురద అంటదు.

పైన వల గద్దకూ కాకికీ మాత్రమే కాదు, చైన్‌లింక్‌నో గోడనో ఎక్కి దూకే కుక్కకు కూడా అడ్డు. అయితే చేపల వలను పక్కలకు మాత్రం వాడకండి. కుక్క దాన్ని కొరికి చింపుతుంది, పాములు అందులో చిక్కుకుని చస్తాయి.

రాత్రి గూడు ఈ ఆవరణ లోపలే ఉండాలి. 10 కోళ్లకు 4 × 4 అడుగుల గూడు చాలు. కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర నేల నుంచి 2, 3 అడుగుల ఎత్తులో, కోడికి 8, 9 అంగుళాల చొప్పున, జాలీ గోడకు కనీసం అడుగు దూరంలో పెట్టండి. జాలీకి ఆనుకుని నిద్రపోయే కోడి తోకను, కాలిని కుక్క బయట నుంచే పట్టి లాగుతుంది. కాళ్ల మీద నిలబెట్టిన గూడుకు అడుగున పెద్ద కన్నాల జాలీ ఉంటే కుక్క కింద దూరి వేళ్లు కొరుకుతుంది. అడుగున చెక్క పలకలో అర అంగుళం జాలీయో వేయాలి.

భద్రత కోసమని అన్నివైపులా మూసిన రేకుల పెట్టె కట్టకండి. మే నెలలో పగలు కోళ్లు అందులో ఉండాల్సి వస్తే కుక్క చంపే కంటే ఎక్కువ ఎండకే చస్తాయి. రెండు ఎదురెదురు పక్కలు జాలీయే ఉండాలి, రేకు మీద తాటాకో కొబ్బరి మట్టలో కప్పాలి, ఆవరణలో సగానికి నీడ ఉండాలి, నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చాలి.

పెరడు మొత్తానికి కంచె లేదా ప్రహరీ

కోళ్లు రోజంతా స్వేచ్ఛగా తిరగాలనుకునేవారికి ఇదే సుఖం. కానీ కంచె పొడవు పెరిగినకొద్దీ చూడాల్సిన సందులూ పెరుగుతాయి. పెరడు 40 × 50 అడుగులైతే చుట్టూ 180 అడుగులు. పైన చెప్పిన ఆవరణకు నాలుగున్నర రెట్లు. నేల పట్టీ కూడా అంత పొడవూ వేయగలిగితేనే అది రక్షణ. పట్టీ లేని కంచె మొదటి వానకు మట్టి మెత్తబడగానే ఓడిపోతుంది.

ఇటుక ప్రహరీ 5 అడుగులున్నా చురుకైన కుక్క గోడ పక్కన ఉన్న ఇసుక కుప్పో, కట్టెల మోపో, నీళ్ల తొట్టో ఎక్కి దూకుతుంది. గోడ కట్టించే ముందు బయటి వైపు మెట్టులా పనికొచ్చేవేమున్నాయో చూడండి. గేటు కింద సందుకు నేల మీద 4 అంగుళాల సిమెంటు గట్టు పోయించడమో, గేటు అడుగున రేకు బిగించడమో చేయండి. గేటు చువ్వల మధ్య 4 అంగుళాలుంటే కింది 2 అడుగులకు వెల్డ్‌మెష్ కట్టండి.

తుమ్మ కంప, రేగు కంపతో వేసిన ముళ్ల కంచె దట్టంగా ఉన్నన్నాళ్లు బాగా ఆపుతుంది. ఏడాది తిరిగేసరికి చెద పట్టి పలచబడుతుంది. కంప దొరికే ఊళ్లలో, ఏటా మార్చే ఓపిక ఉంటే, డబ్బు ఖర్చు లేని మంచి మార్గమే.

సోలార్ కంచె

తోటల్లో 30, 50 కోళ్లున్నవారు ఆలోచించదగ్గది. ఎనర్జైజర్ (కంచె తీగకు కరెంటు పంపే పెట్టె) సెకనుకు సుమారు ఒకసారి చాలా తక్కువసేపు అధిక వోల్టేజీ దెబ్బ వదులుతుంది. కుక్క ముక్కుతో వాసన చూస్తూ వస్తుంది కాబట్టి తీగలు ముక్కు ఎత్తులో ఉండాలి: నేల నుంచి 8, 16, 26 అంగుళాల దగ్గర మూడు తీగలు, జాలీకి బయటి వైపు. ఒకసారి ముక్కుకు తగిలిందంటే చాలా కుక్కలు ఆ వైపు రావు.

ఇది విఫలమయ్యేది ఎక్కువగా రెండు చోట్ల. గడ్డి పెరిగి కింది తీగకు తగిలితే దెబ్బ నేలలోకి పోతుంది, వానాకాలం వారానికోసారి కొడవలి పట్టాలి. రెండోది ఎర్త్. ఎండిన ఎర్రనేలలో ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ సరిగా అందదు, కుక్కకు చురుక్కుమనదు. మూడు జీఐ రాడ్లు 10 అడుగుల ఎడంగా లోతుగా దిగ్గొట్టి, వేసవిలో వాటి మొదట్లో నీళ్లు పోస్తుండాలి. కంచె టెస్టర్‌తో 4,000 వోల్టుల పైన చూపుతోందో లేదో వారం వారం చూడాలి. చిన్నపిల్లలు తిరిగే ఇంటి పెరట్లో మేం దీన్ని సూచించం.

ఇంటి కరెంటు తీగను నేరుగా కంచెకు కలపడం నేరం, హత్యతో సమానం. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలకు మన రెండు రాష్ట్రాల్లోనూ రైతులు, కూలీలు, పిల్లలు చనిపోతూనే ఉన్నారు. ఒక్క రాత్రికి కూడా ఆ పని చేయొద్దు.

మిగతావి క్లుప్తంగా: గిన్నీ కోళ్లు, పెద్ద బాతులు అరిచి హెచ్చరిస్తాయి, మీరు ఇంట్లో ఉంటేనే ఉపయోగం. సొంత కుక్కను కాపలా పెడితే ముందు అది మీ కోళ్లను తాకదని తేలాలి. కారం, ఫినాయిల్ చల్లడం ఒక వానతో కొట్టుకుపోతుంది.

ఎవరికి ఏది

అద్దె ఇల్లు, ఐదు లోపు కోళ్లు: కొక్కేల గంప, రాత్రికి ఇంట్లోకి, సాయంత్రం కాపలాతో రెండు గంటలు. సొంత ఇల్లు, 10, 15 కోళ్లు, పక్కనే వదిలేసిన కుక్క: 10 × 10 లేదా 10 × 15 జాలీ ఆవరణ, మరో ఆలోచన వద్దు. అప్పటికే మంచి ప్రహరీ ఉన్నవారు: గేటు సందు మూయండి, గోడ పక్కన మెట్లలా పనికొచ్చేవి తీయండి, రాత్రి గూడు గట్టిగా కట్టండి, ఆవరణ అవసరం రాకపోవచ్చు. మనిషి ఎప్పుడూ ఉండని తోట: రాత్రికి గట్టి గూడు, చుట్టూ జాలీతో కలిపి సోలార్ తీగలు. డబ్బు విడతలుగా పెట్టాల్సి వస్తే మొదట రాత్రి గూడు, తర్వాత కింది 4 అడుగుల జాలీ, నేల పట్టీ, చివరికి పైవల. మొదటి విడతకే పైవల కొని అడుగును వదిలేయకండి.

దాడి జరిగిన రోజు

మిగిలిన కోళ్లను వెంటనే మూసేయండి. కుక్క మళ్లీ వస్తుంది, తరచుగా మర్నాడు అదే వేళకు. దారి మూసేదాకా బయటికి వదలొద్దు. చనిపోయిన కోళ్లు, కుక్క వచ్చిన సందు, వీలైతే కుక్క ఫోటోలు తేదీతో సహా తీసి, కోపం చల్లారాక యజమానికి చూపండి. పరిహారం మాట పల్లెల్లో పెద్దమనుషుల ముందు తేలుతుంది. పోలీసులు ఏం చేయగలరని అడుగుతుంటారు. భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ జంతువు విషయంలో నిర్లక్ష్యం గురించే, అయితే అది మనుషుల ప్రాణానికో తీవ్ర గాయానికో ముప్పు ఉన్న సందర్భానికి వర్తిస్తుంది. ఆ కుక్క పిల్లల మీదకూ వస్తుంటే ఆ సంగతి ఫిర్యాదులో తప్పక రాయండి. హైదరాబాద్ లాంటి నగరాల్లో పెంపుడు కుక్కకు కార్పొరేషన్ నమోదు ఉండాలి, ఆ విభాగానికి కూడా చెప్పవచ్చు. ఎంత కడుపు మండినా కుక్కకు మందు పెట్టకండి. జంతువును చంపడం, విషం పెట్టడం 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడే నేరం. ఆ మందు కలిపిన మాంసం మీ కోళ్లో, వీధి పిల్లులో, పాకే పసిపిల్లలో తాకే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

గాయపడ్డ కోడిని పట్టుకున్నాక ఈకలు విడదీసి ఒళ్లంతా చూడండి. కోరపంటి రంధ్రం చర్మం మీద చిన్నదిగా కనిపించినా లోపల కండ నలిగి ఉంటుంది. వీపు, తొడలు, రెక్కల కింద ప్రత్యేకంగా చూడాలి. గాయం చుట్టూ ఈకలు కత్తిరించి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ధారగా కడిగి, పోవిడోన్ అయోడిన్ రాయండి. లోతైన రంధ్రాన్ని కుట్టవద్దు, చీము లోపలే చేరుతుంది. ఈగలు వాలకుండా గాయం అంచుల చుట్టూ వేపనూనె రాసి, గాయం మానేదాకా రోజూ పొద్దున సాయంత్రం పురుగు పడిందేమో చూడండి. కోడిని మిగతావాటికి దూరంగా, చీకటిగా ఉండే గంపలో ఉంచి, లీటరు నీళ్లలో ఒక చెంచా బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి పెట్టండి. మిగతా కోళ్లతో కలిపితే అవి రక్తం కనిపించిన చోటే పొడుస్తాయి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. పొట్ట చిరిగినా, ఊపిరికి గాయం నుంచి గాలి బుడగలు వస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపాలి.

కుక్క సొల్లు అంటిన కోడిని పట్టుకున్న చేతులను సబ్బుతో బాగా కడుక్కోండి. విడిపించేటప్పుడు కుక్క మిమ్మల్ని కరిచినా గీరినా 15 నిమిషాలు ధారగా నీళ్లు, సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. పక్కింటి కుక్కే కదా, దానికి టీకాలు వేయించారట కదా అని ఆగవద్దు.